ట్యాంకులోని పగడాలకు పట్టే పురుగులు, పరాన్నజీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పునీటి ట్యాంకులో పగడాలు పెంచేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. మందుల గురించి కంటే గుడ్ల గురించి ఎక్కువ మాట్లాడాను. పురుగు పోయిందనుకున్న ట్యాంకులో నెల తిరక్కుండానే అది మళ్లీ కనిపించిందంటే, చాలాసార్లు కారణం మందు పనిచేయకపోవడం కాదు, గుడ్లు మిగిలిపోవడం.

నా పగడం ముడుచుకుపోయింది. పురుగు పట్టిందా, లేక నీళ్లలో తేడా వచ్చిందా?

ముందు నీళ్లు చూడండి. సాలినిటీ (ఉప్పుదనం) 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 వంతుల దగ్గర ఉందా, ఉష్ణోగ్రత 25-26 డిగ్రీల సెల్సియస్‌లో నిలకడగా ఉందా, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే నీటి గుణం) ఈ మధ్య ఒక్కసారిగా పెరిగిందా, తగ్గిందా అన్నవి పరీక్షించడానికి పది నిమిషాలు చాలు. పురుగని నిర్ధారించుకోకుండానే డిప్ చేస్తే, అంటే మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచితే, అసలే నీరసించిన పగడానికి ఇంకో దెబ్బ తగులుతుంది.

ఆ తర్వాత నేను చూసేది ఒక్కటే: ఎవరెవరు బాధపడుతున్నారు? పగడాలను తినే పురుగులు తిండి విషయంలో చాలా పట్టింపుగా ఉంటాయి. అక్రోపోరా, మాంటిపోరా, యూఫిలియా అన్నవి రాతి పగడాల్లో రకాలు, జోవాంథిడ్‌లు పువ్వుల్లా గుంపుగా పెరిగే మెత్తటి జీవులు. అక్రోపోరాను తినేది జోవాంథిడ్‌ల జోలికి రాదు, మాంటిపోరాను తినేది యూఫిలియా వైపు చూడదు. అందుకే ట్యాంకులో అన్ని రకాలూ ఒకేసారి వాడిపోతే అది దాదాపుగా నీళ్ల సమస్యే. ఒక్క జాతి మాత్రమే క్షీణిస్తూ, పక్కనే ఉన్న వేరే జాతి హాయిగా విచ్చుకుని ఉంటే పురుగుని అనుమానించాలి.

అనుమానం వస్తే లైట్లు ఆరిన రెండు గంటల తర్వాత ఎర్ర కాంతి టార్చ్‌తో చూడండి. చాలా పురుగులు రాత్రిపూటే బయటికి వస్తాయి, తెల్లటి కాంతి పడగానే దాక్కుంటాయి. భూతద్దం ఉంటే మంచిది. లేకపోతే ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూసినా సరిపోతుంది.

ఇవి ట్యాంకులోకి ఎలా వస్తాయి?

తడిగా ఉన్న ప్రతిదానితోనూ. కొత్త పగడం, రాయి, నత్త గుల్ల, సముద్రపు నాచు, ఆ సంచిలో వచ్చిన నీళ్లు, అన్నీ దారులే. అయితే అందరి చూపూ పగడం కండ మీదే ఉంటుంది కానీ పురుగులూ గుడ్లూ ఎక్కువగా ఉండేది అడుగున: ఫ్రాగ్ ప్లగ్ (పగడపు ముక్కని అతికించే చిన్న బిళ్ల) మీద, చచ్చిన సున్నపు భాగం మీద, జిగురు పగుళ్లలో.

కొత్త పగడం తెచ్చిన రోజు ఏం చేయాలి?

సంచి తెరవకముందే మూడు చిన్న పాత్రలు సిద్ధం చేసుకోండి. ఒకదాంట్లో మీ ట్యాంకు నీళ్లలో కలిపిన డిప్ మందు, మిగతా రెండింట్లో కడగడానికి ఉత్త ట్యాంకు నీళ్లు. మూడింటి ఉష్ణోగ్రతా ఒకటే ఉండాలి. పగడాన్ని ముందు సంచి నీటి నుంచి మీ నీటికి మెల్లగా అలవాటు చేసి, ఆ తర్వాతే డిప్‌లో పెట్టండి.

ప్లగ్‌ని తీసేయడం డిప్ కంటే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. ఎముకలు కోసే కట్టర్‌తోనో, కొమ్మ కత్తిరించే క్లిప్పర్‌తోనో ప్లగ్ విడగొట్టి, పగడం అడుగున ఉన్న చచ్చిన సున్నపు భాగాన్ని కూడా వీలైనంత కత్తిరించేసి, కొత్త ప్లగ్ మీద సూపర్‌గ్లూ జెల్‌తో అతికించండి. కంటికి కనిపించని గుడ్లలో చాలావరకు ఈ ఒక్క పనితో చెత్తబుట్టలోకి పోతాయి.

డిప్‌లో ఉంచే సమయం మందు సీసా మీద రాసినంతే. చాలావాటికి 5 నుంచి 10 నిమిషాలు. ఆ సమయంలో ఊరికే చూస్తూ కూర్చోకండి. రబ్బరు బల్బు ఉన్న బేస్టర్‌తో నీటిని పీల్చి, కొమ్మల సందుల్లోకి, అడుగు భాగానికి, పాలిప్స్ (పగడం మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు) మధ్యకు బలంగా కొట్టండి. మందు పురుగుని మత్తులో పడేస్తుంది, నీటి దెబ్బ దాన్ని ఊడదీస్తుంది. రెండూ కలిస్తేనే పని అవుతుంది. పాత్ర తెల్లటిదైతే అడుగున రాలినవి స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ ఏం రాలిందో జాగ్రత్తగా చూడండి, ఫొటో తీసుకోండి. తర్వాత ఎన్ని వారాలు క్వారంటైన్‌లో ఉంచాలో, మళ్లీ డిప్ అవసరమో కాదో తేల్చేది ఆ ఫొటోనే.

తర్వాత రెండు పాత్రల్లోనూ వరసగా కడిగి క్వారంటైన్ ట్యాంకులోకి మార్చండి. డిప్ నీళ్లు ఒక్క చుక్క కూడా అసలు ట్యాంకులోకి వెళ్లకూడదు.

ఏ డిప్ మంచిది?

అన్నిటికీ పనికొచ్చే డిప్ లేదు. కోరల్ ఆర్‌ఎక్స్, రివైవ్ లాంటి రెడీమేడ్ డిప్‌లు చదును పురుగుల మీద, చిన్న పీతల మీద, న్యూడిబ్రాంక్‌ల (గుల్ల లేని సముద్రపు నత్తలు) మీద బాగానే పనిచేస్తాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు వీటితోనే మొదలుపెట్టాలి. అయోడిన్ డిప్ పురుగుల కోసం కాదు. కత్తిరించిన చోట, కండ కుళ్లుతున్న చోట క్రిములు పెరగకుండా చేయడానికి. పొటాషియం క్లోరైడ్ ద్రావణాన్ని కూడా కొందరు వాడతారు. అది పురుగుల పట్టు సడలిస్తుంది.

ఇమిడాక్లోప్రిడ్, సైఫ్లుత్రిన్ ఉన్న తోట పురుగుమందుని డిప్‌గా వాడే అలవాటు పగడాల పెంపకందారుల్లో చాలాకాలంగా ఉంది. పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ సీసా మీద పగడం అన్న మాట ఎక్కడా ఉండదు, అది ఆ పనికి తయారైంది కాదు. రొయ్యలకు, పీతలకు అది కొద్దిపాటి మోతాదులోనే విషం. వాడి తీరాలనుకుంటే చేతికి గ్లోవ్స్ వేసుకుని, వేరే పాత్రలో మాత్రమే వాడి, పగడాన్ని రెండు మూడు నీళ్లలో కడిగాకే ట్యాంకులో పెట్టాలి. రెడీమేడ్ డిప్‌తో అయ్యే పనికి దాని జోలికి పోవద్దనే నేను చెబుతాను.

మంచినీటి డిప్ మాత్రం అక్రోపోరా లాంటి సున్నితమైన రాతి పగడాలకు ప్రమాదం. కొన్ని సాఫ్ట్ కోరల్స్ కాసేపు తట్టుకుంటాయి కానీ అది తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని.

డిప్ చేశాను కదా, ఇంకా క్వారంటైన్ ఎందుకు?

పైన చెప్పిన డిప్‌లలో ఏదీ గుడ్లను నమ్మకంగా చంపదు కాబట్టి. గుడ్ల చుట్టూ ఉన్న గట్టి పొర మందుని లోపలికి రానివ్వదు. ఇవాళ డిప్‌లో పురుగులన్నీ చచ్చినా, వారం పది రోజుల్లో గుడ్లు పొదిగి కొత్త తరం బయటికి వస్తుంది.

అక్రోపోరాను తినే చదును పురుగు ప్రోస్థియోస్టోమమ్ అక్రోపోరే జీవితచక్రాన్ని పరిశోధకులు వివరంగా గమనించారు. నీళ్లు 27 డిగ్రీల్లో ఉంటే దాని గుడ్లు పొదగడానికి సుమారు 11 రోజులు పడుతుంది. గుడ్డు నుంచి మళ్లీ గుడ్లు పెట్టే దశకు రావడానికి మొత్తం 38 రోజుల దాకా పడుతుంది. నీళ్లు చల్లబడేకొద్దీ ఈ లెక్క ఇంకా సాగుతుంది. క్వారంటైన్ ప్రణాళిక అంతా ఈ రెండు అంకెల మీదే నిలబడి ఉంటుంది. గుడ్లు పొదిగే దాకా ఆగాలి, పొదిగిన పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రాకముందే వాటిని తీసేయాలి. ఆచరణలో అందరూ చేసేది 5-7 రోజులకోసారి డిప్, కనీసం ఆరు వారాల పాటు. ప్రతి డిప్‌లోనూ కొన్ని తప్పించుకుంటాయి కాబట్టి అదే సరైన పద్ధతి.

క్వారంటైన్ ట్యాంకు అంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. చిన్న ట్యాంకు, హీటర్, చిన్న పంపు, పగడాలకు సరిపడా లైటు, వారం వారం నీళ్ల మార్పిడి చాలు. అడుగున ఇసుక వద్దు, రాళ్లూ వద్దు. ఖాళీగా ఉంటేనే పురుగు దాక్కోదు, మీకు గుడ్లు కనిపిస్తాయి. ఒకటే జాగ్రత్త: ఆల్కలినిటీ అసలు ట్యాంకుకి దగ్గరగా ఉంచండి. క్వారంటైన్‌లో ఎక్కువ పగడాలు పోయేది నీటి తేడాల వల్లే.

అక్రోపోరా రంగు వెలిసిపోతోంది, కొమ్మల మీద లేత మచ్చలున్నాయి. ఏమై ఉంటుంది?

చదును పురుగు అయ్యే అవకాశం బాగా ఎక్కువ. పగడం పెంచేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. కారణం, అది ఎదురుగా ఉన్నా కనిపించదు. తిన్న పగడం రంగే దాని ఒంటికి వస్తుంది. అర అంగుళం లోపు కోడిగుడ్డు ఆకారంలో, పలుచగా, కొమ్మకు అంటుకుపోయి ఉంటుంది. దగ్గర నుంచి చూస్తున్నా అది కొమ్మ చర్మమే అనిపిస్తుంది.

కాబట్టి పురుగు కోసం కాదు, అది కొరికిన గుర్తుల కోసం వెతకండి. కొమ్మ నీడ వైపున, కిందివైపున, చుట్టుపక్కల కంటే లేతగా ఉన్న చిన్న చిన్న గుండ్రటి మచ్చలు వరసగా కనిపిస్తాయి. తర్వాత కొమ్మ మొదట్లో, కండ ఆగిపోయి తెల్లటి సున్నం మొదలయ్యే గీత దగ్గర చూడండి. గుడ్లు అక్కడ ఉంటాయి. లేత గోధుమరంగు లేదా బంగారు రంగులో, ఇసుక రేణువుల్లాంటి చిన్న గింజలు గుంపుగా, ఒకదానికొకటి ఆనుకుని అంటుకుని ఉంటాయి. గోటితో గీరితే అంత తేలిగ్గా ఊడిరావు. ఒక్క గుంపు కనిపించినా పురుగు ఉన్నట్టే. ఏ సందేహమూ అక్కర్లేదు.

ఇంకా అనుమానం ఉంటే పంపులు ఆపి బేస్టర్‌తో కొమ్మల మీద నీళ్లు కొట్టండి. అప్పటిదాకా కొమ్మే అనుకున్నది ఊడిపోయి, అంచులు మడుచుకుంటూ నీళ్లలో తేలుతుంది.

డిప్ చేసేటప్పుడు గుడ్లున్న సున్నపు భాగాన్ని మొత్తం కత్తిరించేయండి. కత్తిరించలేని చోట గుడ్ల మీద సూపర్‌గ్లూ జెల్ దట్టంగా పూసి మూసేయండి. పొదిగినా బయటికి రాలేవు. మందు గుడ్లను చంపనప్పుడు ఇదొక్కటే నమ్మకమైన దారి.

మొత్తం ట్యాంకంతా చదును పురుగు పట్టింది. అన్ని అక్రోపోరాలూ పారేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఈ పురుగుకి తిండి అక్రోపోరా ఒక్కటే. అక్రోపోరా అన్నది ట్యాంకులో లేకుండా చేస్తే, పొదిగిన పిల్లలు ఆకలితో చస్తాయి. పగడాలన్నిటినీ వేరే ట్యాంకుకి మార్చి అక్కడ వారం వారం డిప్ చేస్తూ, అసలు ట్యాంకుని ఎనిమిది వారాలు అక్రోపోరా లేకుండా వదిలేయండి. మిగతా పగడాలు, చేపలు అక్కడే ఉండొచ్చు. రాతికి కండ అల్లుకుపోయిన కాలనీ అడుగు మిగిలిపోకుండా చూడండి. గోరంత కండ ఉన్నా పురుగుకి అది విందే.

పగడాలు రాతికి అల్లుకుపోయి తీయలేని స్థితిలో ఉంటే, ప్రతి కాలనీ నుంచి శుభ్రమైన పైకొమ్మలు కత్తిరించి కాపాడుకుని, మిగిలిన పెద్ద కాలనీని వదులుకోవడం మంచిది. మనసు ఒప్పదు, నాకు తెలుసు. ఏళ్ల తరబడి పెంచిన కాలనీ అది. కానీ ఆ నాలుగు కొమ్మల నుంచే అది మళ్లీ పెరుగుతుంది. పురుగు తిన్న మొదలు నుంచి మాత్రం పెరగదు.

అక్రోపోరా మీద పసుపు చుక్కలు కదులుతున్నాయి. అవి ఏంటి?

రెడ్ బగ్స్. టెగాస్టెస్ అక్రోపోరేనస్ అనే అతి చిన్న కోపిపాడ్ (రొయ్యలకు దూరపు చుట్టమైన జీవి). అర మిల్లీమీటరు దాకా ఉండే పసుపు ఒంటి మీద ఒక ఎర్ర చుక్క ఉంటుంది. నున్నటి చర్మం ఉన్న అక్రోపోరాల మీద ఎక్కువగా కనిపిస్తాయి. పగడాన్ని ఒక్కసారిగా చంపవు. పాలిప్స్ బయటికి రాకపోవడం, రంగు మసకబారడం, ఎదుగుదల ఆగిపోవడం వీటి లక్షణాలు.

దీనికి కుక్కలకు ఇచ్చే హార్ట్‌వార్మ్ మాత్రలోని మిల్బిమైసిన్ ఆక్సైమ్ బాగా పనిచేస్తుంది. పశువైద్యుడి చీటీతోనే తీసుకోవాలి. వారం వారం మూడు విడతలు వేసి, ప్రతి విడత తర్వాత నీళ్లు మార్చి యాక్టివేటెడ్ కార్బన్ (నీటిలోని మందుని పీల్చుకునే బొగ్గు) పెడతారు. అయితే అది రెడ్ బగ్‌కీ రొయ్యకీ తేడా చూడదు. ట్యాంకు మొత్తానికి వేస్తే రొయ్యలు, పీతలు, మేలు చేసే కోపిపాడ్‌లు అన్నీ పోతాయి. అందుకే వీలైతే అక్రోపోరాలను బయటికి తీసి, వేరే పాత్రలో చికిత్స చేయడం నయం.

మాంటిపోరా అంచులు తెల్లబడుతున్నాయి.

కింద తిప్పి చూడండి. మాంటిపోరాను తినే న్యూడిబ్రాంక్ తెల్లగా, కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, వీపు మీద కుచ్చులాంటి పీలికలుంటాయి. పళ్లెంలా పరుచుకున్న మాంటిపోరా అడుగు భాగం దానికి అన్నివిధాలా క్షేమమైన చోటు. గుడ్లు కూడా అక్కడే చిన్న తెల్లటి ముద్దలుగా పెడుతుంది. పిల్లలు నీళ్లలో తేలుతూ పోకుండా అక్కడే పొదిగి అక్కడే తినడం మొదలుపెడతాయి. అందుకే ఒక్క కాలనీ మీద వేగంగా పెరుగుతాయి. తెల్లబడిన అంచుని, దానికి కొంత లోపలి భాగాన్ని కూడా కత్తిరించి పారేసి, మిగిలినది డిప్ చేసి, వారానికోసారి కనీసం నాలుగైదు సార్లు మళ్లీ చేయండి. అడుగున ఉన్న చచ్చిన భాగాన్ని బ్రష్‌తో రుద్దడం మర్చిపోవద్దు.

జోవాంథిడ్‌లు వారం రోజులుగా విచ్చుకోవడం లేదు.

ఇక్కడ అనుమానితులు చాలామంది. జోవా న్యూడిబ్రాంక్ తిన్న పాలిప్ రంగునే ఒంటికి పూసుకుంటుంది. వీపు మీది పీలికలు కూడా జోవా కుచ్చుల్లాగే ఉంటాయి. ముడుచుకున్న పాలిప్స్ మధ్య ఒక్కటి మాత్రం నెమ్మదిగా నడుస్తూ కనిపిస్తే అది పాలిప్ కాదు. గుడ్లు చక్రంలా చుట్టుకున్న తెల్లటి జిగట రిబ్బన్‌లా పాలిప్ కాండం మీద గానీ, పక్క రాయి మీద గానీ ఉంటాయి. పట్టుకారుతో ఒక్కొక్కటిగా తీయాలి. డిప్ చేయాలి, వారానికోసారి మళ్లీ చూడాలి.

సముద్రపు సాలీళ్లు సన్నటి కాళ్లతో పాలిప్స్ అడుగున దాక్కుంటాయి. డిప్‌లో రాలిపోతాయి. సన్‌డయల్ నత్త గుల్ల గుండ్రంగా, నలుపు తెలుపు గళ్లతో చూడముచ్చటగా ఉంటుంది. అందంగా ఉందని ఉంచేసుకుంటే జోవాంథిడ్‌లన్నీ తినేస్తుంది. రాత్రిపూట చేత్తో ఏరేయడమే దీనికి మందు.

పాలిప్స్ మీద తెల్లటి లేదా పసుపు చిన్న పొక్కులు కనిపిస్తే అది జోవా పాక్స్. ఇది పురుగు కాదు. పురుగుల డిప్‌తో తగ్గదు. నైట్రోఫ్యురజోన్ ఉన్న యాంటీబయాటిక్ డిప్ కొన్ని రోజులు వరసగా ఇస్తారు.

జోవాంథిడ్‌లతో పని చేసేటప్పుడు గ్లోవ్స్ ఎందుకంటారు?

ఈ పేజీలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. చాలా జోవాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలీథోవాలలో, పాలీటాక్సిన్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. చేతి మీది చిన్న గాటు, కంట్లో పడిన ఒక చుక్క చాలు, ఆసుపత్రి పాలవడానికి.

గ్లోవ్స్, కళ్లజోడు రెండూ పెట్టుకోండి. కత్తిరించేటప్పుడు నీళ్లు చిందుతాయి కాబట్టి మొహానికి అడ్డం ఉండాలి. వాడిన పాత్రలు, కత్తులు వంటింటి వస్తువులతో కలపకండి. అన్నిటికంటే ముఖ్యమైనది: జోవాంథిడ్‌లు ఉన్న రాయిని ఎన్నడూ ఉడకబెట్టవద్దు, దాని మీద వేడినీళ్లు పోయవద్దు, ప్రెషర్ వాషర్‌తో కడగవద్దు, ఎండిన తర్వాత బ్రష్‌తో గీకవద్దు. ఆ ఆవిరి, ఆ దుమ్ము పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రిలో చేరిన సంఘటనలున్నాయి. పురుగులున్న రాయిని వేడి చేసి శుభ్రం చేద్దామన్న ఆలోచన చాలామందికి సహజంగా వస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నోట్లో లోహపు రుచి, ఆయాసం, కండరాల నొప్పి, జ్వరం లాంటివి కనిపిస్తే వెంటనే గది ఖాళీ చేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాలీటాక్సిన్ అనే పేరు నోటితో చెప్పండి. చాలామంది డాక్టర్లకు అది రోజూ ఎదురయ్యే కేసు కాదు.

తుప్పు రంగు చదును పురుగులు ఇసుక మీద, పగడాల మీద పరుచుకున్నాయి. అవి పగడాలను తింటాయా?

తినవు. కాన్వొల్యూట్రిలోబా జాతివి ఇవి. వాటి ఒంట్లోనే ఉన్న శైవలాలతో, చిన్న జీవులతో బతుకుతాయి. సమస్య వాటి సంఖ్య. పగడం మీద పొరలా పరుచుకుని వెలుతురు అడ్డుకుంటాయి.

ఫ్లాట్‌వార్మ్ ఎగ్జిట్ అనే మందు వీటిని బాగా చంపుతుంది. కానీ చచ్చేటప్పుడు అవి విషం వదులుతాయి. లక్షల్లో ఉన్నవి ఒకేసారి చస్తే చేపలు కూడా పోతాయి. అందుకే ఓ వారం పాటు రోజూ సన్నటి గొట్టంతో సైఫన్ చేసి వీలైనన్ని బయటికి లాగేయండి. సంఖ్య బాగా తగ్గాక మందు వేయండి. తాజా యాక్టివేటెడ్ కార్బన్, మార్చడానికి సరిపడా ఉప్పునీళ్లు ముందే సిద్ధంగా ఉండాలి. మందు వేశాక చేతికందేలా పెట్టుకోండి. చేపలు వేగంగా ఊపిరి తీయడం మొదలుపెడితే ఆలస్యం చేయకుండా రెండూ వాడండి.

ఐప్టేసియాను ఎలా వదిలించుకోవాలి?

ఐప్టేసియా అంటే రాళ్ల మీద త్వరగా పెరిగిపోయి పగడాలను కుట్టే చిన్న సీ అనెమొనీ. దాన్ని గీకి పారేయకండి. అదే చాలామంది చేసేది. ఐప్టేసియా పాదం నుంచి ఊడిన చిన్న ముక్క కూడా కొత్త ఐప్టేసియాగా పెరుగుతుంది. ఒకటి చంపబోయి పదిని పుట్టించినట్టవుతుంది.

నాలుగైదు ఉంటే చిక్కటి కల్క్‌వాసర్ (సున్నం) ముద్దని గానీ, దీనికోసమే అమ్మే పేస్ట్‌ని గానీ సిరంజితో దాని నోటి మీద మెల్లగా పోయండి. మింగేలోపు ముడుచుకుపోకుండా పంపులు ఆపి, నిదానంగా చేయాలి. రోజూ ఒకటో రెండో చాలు. ఎక్కువ కల్క్‌వాసర్ ఒక్కసారే వేస్తే పీహెచ్ పెరిగిపోతుంది.

పదుల సంఖ్యలో ఉంటే జీవులే మంచి దారి. పెప్పర్‌మింట్ రొయ్యలు చాలాసార్లు పనిచేస్తాయి. కానీ అలాగే కనిపించే క్యామెల్ రొయ్య పగడాలనే తింటుంది, కొనేటప్పుడు జాగ్రత్త. బెర్గియా న్యూడిబ్రాంక్‌లు ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినవు. నెమ్మదిగా, నెలల్లో పని పూర్తిచేస్తాయి. వాటిని తినేసే రాస్ చేపలుంటే డబ్బు వృథా. ఐప్టేసియాను తినే ఫైల్‌ఫిష్ కూడా ఉంది, ఒక్కోసారి జోవాంథిడ్‌లను కూడా కొరుకుతుంది.

రాళ్ల మీద సన్నటి గట్టి గొట్టాలు, వాటి నుంచి సాలెగూడు లాంటి దారాలు వస్తున్నాయి.

వెర్మెటిడ్ నత్తలు. పగడాన్ని తినవు. కానీ ఆ జిగట దారాలు పగడం మీద పడి విసిగిస్తాయి. పాలిప్స్ ముడుచుకుంటాయి. గొట్టం విరగ్గొట్టి మొదలు మీద సూపర్‌గ్లూ పెట్టి మూసేయండి. నీళ్లలో తేలే తిండి తగ్గించండి. వాటి బతుకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

యూఫిలియా మీద గోధుమరంగు జెల్లీ లాంటిది పట్టింది. రాత్రికి రాత్రే కండ కరిగిపోతోంది.

బ్రౌన్ జెల్లీ. ఆ జెల్లీలో సీలియేట్‌లు అనే ఏకకణ జీవులు లక్షల్లో ఉంటాయి. గంటల్లో ఒక తల నుంచి ఇంకో తలకు పాకుతుంది, అందుకే రేపు చూద్దామనుకోవద్దు. ముందు పంపులు ఆపండి, జెల్లీ ఎగిరి పక్క పగడాల మీద పడకూడదు. సైఫన్‌తో జెల్లీని మొత్తం బయటికి లాగండి. కొమ్మలుగా పెరిగే రకమైతే జబ్బు పడిన తలను మొదలు దాకా కత్తిరించి తీసేయండి. మిగిలినదాన్ని అయోడిన్ డిప్ చేసి, వేరే చోట బలమైన నీటి ప్రవాహంలో ఉంచండి.

అక్రోపోరా మొదలు నుంచి కండ ఒక్కసారిగా ఊడిపోతే, దాన్ని కాపాడుకునే అవకాశం పైకొమ్మల్లోనే. కండ ఊడిన గీతకి అర అంగుళం పైన, ఆరోగ్యంగా ఉన్న భాగంలో కత్తిరించి, వేరు చేసేయండి.

ఏవేవి కనిపించినా వదిలేయొచ్చు?

భయపడి మంచివాటిని చంపేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న ముఖ్యం. ముళ్లపురుగులు, అంటే బ్రిస్టిల్‌వార్మ్‌లు, దాదాపు అన్నీ పాచి, మిగిలిన తిండి తినే పాకీ జీవులే. చనిపోయిన పగడం మీద గుమిగూడి కనిపిస్తాయి కానీ చంపింది అవి కాదు. ఫైర్‌వార్మ్ అనే హెర్మోడైస్ కరంక్యులేటా మాత్రం నిజంగా పగడాలను తింటుంది. చేత్తో ముట్టుకోకుండా పట్టుకారుతో తీసేయండి.

ట్రాపీజియా పీతలు పోసిలోపోరా అనే రాతి పగడం కొమ్మల మధ్య, వాటి చుట్టాలైన టెట్రాలియా పీతలు అక్రోపోరా కొమ్మల మధ్య నివసిస్తాయి, పగడాన్ని శత్రువుల నుంచి కాపాడతాయి. నున్నగా, చిన్నగా ఉంటాయి. డిప్‌లో పీత కనబడగానే పారేయకండి, ఒంటి నిండా వెంట్రుకలతో, నల్లటి గోళ్లతో ఉన్నదైతేనే అనుమానించండి. గాజు మీద పాకే చిన్న ఆస్టెరీనా నక్షత్రాలు ఎక్కువగా పాచి తింటాయి. జోవాంథిడ్ మీదే కూర్చుని ఉండి, కింద పాలిప్ మాయమవుతుంటే మాత్రం వాటిని తీసేయాలి. కోపిపాడ్‌లు, యాంఫిపాడ్‌లు, పెళుసు నక్షత్రాలు ట్యాంకు ఆరోగ్యానికి మంచివి.

పురుగులు తినే చేపని వేస్తే సరిపోదా?

సాయపడతాయి, సరిపోవు. సిక్స్‌లైన్ రాస్, మెలనూరస్ రాస్, పసుపు కోరిస్ లాంటివి పగలంతా రాళ్ల మీద వెతుకుతూ చదును పురుగులు, చిన్న న్యూడిబ్రాంక్‌లు తింటాయి. సంఖ్య పెరగకుండా ఉంచుతాయి. కానీ పురుగు రాత్రి బయటికి వస్తుంది, రాస్ చేప రాత్రి నిద్రపోతుంది. గుడ్లను ఇవి ఏరవు. అందుకే పురుగు రాకముందే అలాంటి చేప ఒకటి ట్యాంకులో ఉండడం మంచిది. వచ్చాక కొత్త చేప మీద నమ్మకం పెట్టుకుని డిప్ ఆపేయడం మాత్రం పొరపాటు.

పగడాలతో చేపల తెల్లమచ్చ రోగం వస్తుందా?

వస్తుంది. ఆ రోగం తెచ్చే పరాన్నజీవి క్రిప్టోకారియన్ ఇరిటన్స్ పగడాన్ని తాకదు. కానీ దాని తిత్తి దశ ప్లగ్‌కో, నత్త గుల్లకో, పగడం అడుగుకో అంటుకుని ప్రయాణిస్తుంది. డిప్‌లు దానికి పనిచేయవు. చేపలు లేని క్వారంటైన్ ట్యాంకులో పగడాన్ని 76 రోజులు ఉంచడం చాలామంది పాటించే పద్ధతి. చేప లేకపోతే పరాన్నజీవి బతకలేదు. పగడాలున్న నీళ్లలో రాగి మందు మాత్రం ఎప్పుడూ వేయకండి. పగడాలూ, రొయ్యలూ చస్తాయి.

ఏ పగడాన్ని వదులుకోవాలి? మిగిలిన నీళ్లు ఎక్కడ పారబోయాలి?

రెండు మూడు డిప్‌ల తర్వాత కూడా గుడ్లు కనిపిస్తూ, కండ సగానికి పైగా పోయి ఉంటే, ఆ ఒక్క పగడం మిగిలిన వాటన్నిటికీ ప్రమాదం. ఒక మంచి కొమ్మ ఉంటే కత్తిరించి ఉంచుకోండి, మిగిలింది తీసేయండి. జోవాంథిడ్ అయితే ఎండబెట్టకుండా తడిగానే సంచిలో గట్టిగా మూసి పారేయండి.

డిప్ నీళ్లు, సైఫన్ చేసిన నీళ్లు, కత్తిరించిన ముక్కలు సముద్రంలోకి, చెరువులోకి, వాన కాలువలోకి వెళ్లకూడదు. వెనిజులా తీరంలో ఇండో-పసిఫిక్‌కి చెందిన యునోమియా స్టోలోనిఫెరా అనే సాఫ్ట్ కోరల్ అక్కడి పగడాల మీద పాకి, పెద్ద విస్తీర్ణంలో సముద్రగర్భాన్ని కప్పేసింది. అక్వేరియం నుంచి వదిలినదే అక్కడ వ్యాపించిందని భావిస్తున్నారు. నీళ్లను ఒక బకెట్‌లో తీసుకుని, బ్లీచ్ కలిపి రాత్రంతా ఉంచి, మరునాడు ఇంటి మురుగు పైపులోకి పోయండి. పురుగుమందు కలిసిన నీళ్లైతే బ్లీచ్ కలపకండి. వాటిని వేరే డబ్బాలో మూతపెట్టి, మీ ప్రాంతంలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. బేస్టర్, పట్టుకారు, పాత్రలు మంచినీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టి, అసలు ట్యాంకు సామాన్లకు దూరంగా వేరే డబ్బాలో ఉంచుకోండి.